ఉప్పు కాగితం

మా మేనమామ వడ్రంగి, మెట్‌పల్లిల.
శాండ్‌పేపర్ అనడు, ఉప్పు కాగితం అంటడు.
షార్జా వచ్చినంక నాకు ఆ మాట
ఎవరితోనూ పని పడలేదు.
ఇక్కడ అన్నీ నంబర్లే:
ఎనిమిదొందలు, పన్నెండొందలు, రెండువేలు,
ఆఖరికి మూడువేలు. అది కాగితమా బట్టనా
వేలికి సుత అనుమానమే.

పదో నంబరు ఇండస్ట్రియల్ ఏరియాల
టైర్ల దుకాణం మీద మా వర్క్‌షాప్.
ఎక్కువ టవర్లే చేస్తం, ఇంకా కట్టని టవర్లు,
కొనేటోళ్ళ ముందట పెట్టే టవర్లు.
ఈ వారం మాత్రం నా బల్ల మీద
ఒక చిన్న విమానం, మూరెడు సుత లేదు.
కెప్టెన్ ఫారిస్ హద్దాద్ ఆర్డరు.
వయసుల ఉన్నప్పుడు దీవులకు
ఉత్తరాలు, మందులు మోసిన విమానమట.

దాని అద్దం అచ్చుల నుంచి వచ్చినప్పుడే
నడినెత్తిన గీతతో వచ్చింది,
పాపిట తీసినట్టు.
ఆ గీత పోవాలె.

అద్దం తేటపడాలంటే ముందు దాన్ని గుడ్డిది చెయ్యాలె.
కొత్తగ చేరిన జునైద్ అది చూసి
"పాడుచేసినవ్ భాయ్" అని నోటి మీద చెయ్యి పెట్టుకున్నడు.
నిజమే, ఎనిమిదొందలతో పది రుద్దులు రుద్దంగనే
శుక్లం కమ్మిన కన్ను లెక్క అయింది.
నీళ్ళ చుక్క, సబ్బు చుక్క,
ఒకసారి నిలువు, ఒకసారి అడ్డం.
అడ్డం గీతలు నిలువు గీతలను తిన్నంక
కాగితం మార్చాలె.
తొందరపడి జోరు చేస్తే వేడెక్కుతది,
వేడెక్కితే లోపల సాలెగూడు లేస్తది,
అది ఏ కాగితానికీ పోదు.
బొటనవేలంత జాగకు ఐదు సాయంత్రాలు.
ఆఖరున పాత బనీను ముక్క,
టూత్‌పేస్టు లాంటి తెల్లటి మందు,
చూపుడువేలు, ఊపిరి.

ఆరో రోజు అద్దం కనబడలేదు.
అంత మంచిగొచ్చింది.
లోపల పైలట్ మోకాలి మీద
నేను గీసిన మ్యాపు గళ్ళు సుత లెక్కపెట్టొచ్చు.
సూపర్‌వైజర్ బిజోయ్ సార్ ముట్టుకోబోయి
చెయ్యి వెనక్కి తీసుకున్నడు.
గదే నా బోనస్.

గురువారం కెప్టెన్ వచ్చిండు.
చేతికర్ర గోడకు ఆనించి బల్ల ముందట వంగిండు,
ఒక కన్ను మూసుకున్నడు. చాలాసేపు.
"మస్తుగుంది. గని ఇది నాది కాదు."

వచ్చీరాని హిందీల చెప్పిండు:
ఇసుకగాలి మా అద్దాన్ని రోజూ ఇంత కొరికేది.
పొద్దున ఏం కాదు. సాయంత్రం పడమరకు మళ్ళితే
ఒక్కో గీతల ఒక్కో సూర్యుడు,
దిగే జాగనే కనబడేది కాదు.
తల పక్కకు వంచి, ఇట్ల, ఈ మూల నుంచి చూసి దించేటోణ్ణి.
ఈ మెడ అందుకే వంకర.

మెడ నిజంగనే వంకర.
ముసలితనం అనుకున్న నేను.

బిజోయ్ సార్ నా దిక్కు చూసిండు.
నేను ఎనిమిదొందల కాగితం అందుకోబోయిన,
అది మరీ వరుసగ గీస్తది, గాలి అట్ల గియ్యదు.
కిటికీ జరిపిన. నిన్నటి షమాల్ గాలికి
చట్రంల దుమ్ము పేరుకున్నది, సన్నగ, గోధుమరంగుల.
చిటికెడు తీసుకున్న,
కూరల వేసేటందుకు తీసుకున్నట్టు.

చిటికె పట్టిన వేళ్ళు
అద్దం మీదికి ఎంతకూ దిగలేదు.
ఐదు సాయంత్రాలు వాటికి ఒక్కటే నేర్పిన మరి.
ముసలాయన నా మణికట్టు పట్టుకున్నడు,
నాడి చూసేటోని లెక్క,
మెల్లగ ఒక్కసారి తిప్పిండు.

సన్నటి చప్పుడు.
జునైద్ ఈసారి ఏమీ అనలేదు.

కెప్టెన్ టేబుల్ లైటు పక్కకు జరిపిండు,
మెడ వంచి, ఆ మూల నుంచి చూసిండు.
"ఆఁ," అన్నడు, "పొద్దు గూకింది."

బిల్లుల గీతకు ఎంత వెయ్యాల్నో తెలియక
బిజోయ్ సార్ ఆ గడి ఖాళీగ విడిచిండు.
అందరూ అన్నానికి పోయినంక
వేలు నాలుక మీద పెట్టుకొని చూసిన.
మామ మాట అబద్ధం కాదు.